టెక్ సందేహాలు: ఇజకాయ గోడమీద రాసిన మెనూని ఫోన్ చదవగలదా?

ఈసారి వచ్చిన మెయిల్స్‌లో నాలుగు జపాన్ ప్రయాణం గురించే, అన్నీ తిరిగి తిరిగి ఇజకాయ దగ్గరికే వచ్చాయి. ఇజకాయ అంటే సాయంత్రం ఆఫీసులు అయ్యాక జనం చేరి చిన్న చిన్న ప్లేట్లు ఒక్కొక్కటీ తెప్పించుకుని తింటూ తాగే చోటు, బయట ఎర్ర లాంతరు, గుమ్మానికి గుడ్డ తెర, లోపల ఎనిమిదో పదో సీట్లు. నాకు చాలా ఇష్టమైన చోటు, అందుకే ఈ వారం మొత్తం దీనికే ఇచ్చేస్తున్నా.

ప్రశ్న: నేనూ మా ఆవిడా ఒసాకా వెళ్తున్నాం. తను వెజిటేరియన్, గుడ్డు వరకు ఓకే. గూగుల్ ట్రాన్స్‌లేట్ కెమెరా పెడితే మెనూ చదివేస్తుంది కదా సర్, సరిపోతుందా? (హైదరాబాద్ నుంచి ఒక పాఠకుడు)

సరిపోదండి. ప్రింట్ చేసిన మెనూ అయితే బాగానే చదువుతుంది, జపనీస్ ఆఫ్‌లైన్ ప్యాక్ ఇక్కడే వైఫైలో డౌన్‌లోడ్ చేసుకుని వెళ్లండి, బేస్‌మెంట్‌లో ఉన్న షాపుల్లో సిగ్నల్ సరిగా ఉండదు. కానీ చిన్న ఇజకాయలో ఆరోజు స్పెషల్స్ అన్నీ సన్నటి కాగితం పట్టీల మీద పైనుంచి కిందకి చేత్తో రాసి గోడకి అంటిస్తారు, ధర కూడా ఒక్కోసారి మామూలు అంకెల్లో ఉండదు, వాళ్ల లిపిలోనే ఉంటుంది. ఒకటికి ఒక అడ్డగీత, రెండుకి రెండు, మూడుకి మూడు, అక్కడితో మన ఊహ పనిచేయడం ఆగిపోతుంది. బ్రష్‌తో కలిపి రాసిన అక్షరాల దగ్గర కెమెరా తడబడుతుంది. ఫొటో తీసి ఏఐ చాట్ యాప్‌కి ఇస్తే కొంత మెరుగే గానీ, వాటితో ఇంకో సమస్య, అర్థం కానిదాన్ని అర్థం కాలేదు అనకుండా ఏదో ఒకటి నమ్మకంగా చెప్పేస్తాయి. తిండి విషయంలో అది ప్రమాదం.

ఒక్క ఐటెం చెప్తాను చూడండి, హియయాక్కో. దాదాపు ప్రతి ఇజకాయలోనూ ఉంటుంది, చల్లటి టోఫు ముక్క. మాటకి మాట అనువదిస్తే 'చల్లటి నౌకరు' లాంటిది వస్తుంది, ఎందుకంటే యాక్కో అంటే పాతకాలం సమురాయ్‌ల దగ్గర పనిచేసే నౌకర్లు, వాళ్ల బట్టల మీద ఉండే చతురస్రం గుర్తులాగా టోఫుని కోస్తారని ఆ పేరు. సరే యాప్ ఈ గండం దాటి 'చల్లటి టోఫు' అని కరెక్ట్‌గానే చెప్పిందనుకుందాం, మీ ఆవిడ సంతోషంగా ఆర్డర్ చేస్తారు, ప్లేటు వస్తుంది, టోఫు మీద కాస్త అల్లం, ఉల్లికాడలు, వాటిపైన లేత గోధుమరంగులో చెక్క చిత్రిక పట్టినట్టు పల్చటి పొరలు. అవి కత్సుఒబుషి, ఎండబెట్టి పొగబెట్టిన చేప. మెనూలో దాని మాటే ఉండదు, ఎందుకంటే వాళ్లకి అది మనకి పోపు లాంటిది, ఎవరూ విడిగా రాయరు. పులుసులన్నిటికీ ఆధారమైన దాషీ కూడా చాలావరకు ఈ చేపతో కాచిందే, ఆగెదాషి టోఫు (వేయించిన టోఫు మీద దాషీ పులుసు పోసేది) వెజ్ అనుకుని మోసపోయేది ఇక్కడే.

అందుకే నేను చెప్పేది, మెనూని ఫోన్‌తో చదవడం కన్నా మీ మాటని ఫోన్‌తో ముందే రాసిపెట్టుకోవడం మేలు. ఇంట్లోనే రాయండి. తెలుగులో మనం 'నేను' మింగేస్తాం, 'చేపా మాంసం ఏవీ లేకుండా ఏదైనా ఉంటే పెట్టండి' అని ఒకే వాక్యంలో అన్నీ కలిపేస్తాం, అది మెషిన్‌కి కష్టం. 'నేను మాంసం తినను. నేను చేప తినను. నేను చేపతో కాచిన దాషీ తినను. నేను గుడ్డు తింటాను.' ఇలా తుంపి రాయండి. వచ్చిన జపనీస్‌ని కాపీ చేసి మళ్లీ తెలుగులోకో ఇంగ్లీష్‌లోకో తిప్పి చూడండి, 'తినను' అన్నది 'తినడు' అయినా, 'కావాలి' అయినా అక్కడే దొరికిపోతుంది. ఉత్త 'వెజిటేరియన్' అని రాస్తే మాంసం మాత్రమే మానేసి చేప పెట్టేవాళ్లున్నారు, కాబట్టి చేప, దాషీ పేరు పెట్టి రాయాల్సిందే. దాన్ని పెద్ద అక్షరాల్లో స్క్రీన్‌షాట్ తీసి కూర్చోకముందే గుమ్మం దగ్గరే చూపించండి. కుదరకపోతే వాళ్లు చేతులు ఇంటూ మార్కులా అడ్డం పెడతారు, కోపం కాదు, మా దగ్గర లేదు అని అర్థం, నవ్వి ఇంకో షాపు చూసుకోవడమే. ఇంకో మాట గుర్తుపెట్టుకోండి, 'నుకి', అంటే అది తీసేసి. 'కత్సుఒబుషి నుకి' అంటే హియయాక్కో మీద చేప వేయరు, సోయా సాస్ సీసాలో కూడా దాషీ కలిపింది కాదు కదా అని అడగండి. ఉప్పు వేసి ఉడికించిన ఎదమామె, అంటే పచ్చి సోయా కాయలు అయితే ఏ దిగులూ లేదు.

ప్రశ్న: నాది ఇండియాలో కొన్న ఆండ్రాయిడ్ ఫోన్. జపాన్‌లో ట్యాప్ చేసి పే చేయొచ్చా? యూపీఐ నడుస్తుందా? (విశాఖపట్నం)

చిన్న ఇజకాయకి యూపీఐని నమ్ముకుని వెళ్లొద్దు. అక్కడి రైలు కార్డులు సుయికా, ఇకోకా లాంటివి సోనీ తయారుచేసిన ఫెలికా అనే చిప్ మీద నడుస్తాయి, ఆ కార్డుని ఫోన్లో పెట్టుకునే వాలెట్ మన దగ్గర అమ్మే ఆండ్రాయిడ్ ఫోన్లలో పనిచేయదు. ఒసాకాలో దిగగానే స్టేషన్లో ప్లాస్టిక్ ఇకోకా కార్డు 2,000 యెన్లకి తీసుకోండి, అందులో 500 డిపాజిట్, రైళ్లకి, కన్వీనియెన్స్ స్టోర్లకి అది చాలు. ఇజకాయకి మాత్రం క్యాష్ ఉంచుకోండి, సందుల్లో ఉండే షాపుల్లో ఇప్పటికీ క్యాష్ మాత్రమే తీసుకునేవి చాలా ఉన్నాయి.

క్యాష్ కోసం సెవెన్ ఇలెవన్ స్టోర్లలో సెవెన్ బ్యాంక్ ఏటీఎంలు మన కార్డులు తీసుకుంటాయి. అయితే ఒకటి, ఆర్‌బీఐ రూల్ ప్రకారం 2020 అక్టోబర్ నుంచి కొత్తగా ఇచ్చే కార్డులు విదేశాల్లో వాడటానికి మొదట్లో ఆఫ్‌లో ఉంటాయి, మనమే బ్యాంకు యాప్‌లో ఆన్ చేయాలి, ఏటీఎంకి వేరే స్విచ్, షాపు మెషిన్‌కి వేరే స్విచ్. నేను రెండోది ఒక్కటే ఆన్ చేసి వెళ్లాను, రాత్రి పదిన్నరకి ఏటీఎం దగ్గర కార్డు తిరస్కరించింది, బ్యాంకు యాప్ ఓటీపీ అడిగింది, ఓటీపీ వచ్చే సిమ్ తీసి హోటల్లో పెట్టి వచ్చాను. కాబట్టి టూరిస్ట్ ఈసిమ్ వేసుకున్నా ఇండియా సిమ్ ఫోన్లోంచి తీయొద్దు, రోమింగ్ ప్యాక్ సంగతి ముందే చూసుకుని డేటా రోమింగ్ ఒక్కటి ఆఫ్ చేయండి. మెషిన్ రూపాయల్లోనా యెన్లలోనా అని అడిగితే యెన్ నొక్కండి, రూపాయలకి మార్చే రేటులో వాళ్ల మార్జిన్ కలిపేస్తారు.

ప్రశ్న: మా తమ్ముడు తోక్యోలో నిషికసాయ్‌లో ఉంటాడు, ఈమధ్య ఒకచోట టేబుల్ మీద క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి ఆర్డర్ చేస్తే, చేయని ఐటెం 400 యెన్లు బిల్లులో పడిందట, ఇద్దరికి 800. యాప్‌లో బగ్గా, మోసమా? (గుంటూరు)

రెండూ కాదమ్మా. అది ఒతోషి. కూర్చోగానే వేడి టవల్ ఇచ్చి, దాంతోపాటు అడక్కుండానే ఒక చిన్న గిన్నె పెడతారు, మనిషికొకటి, సాధారణంగా 300 నుంచి 500 యెన్లు, ఒకరకంగా సీటు చార్జీ అనుకోండి. ఒసాకా వైపు త్సుకిదాషి అంటారు. చాలాచోట్ల క్యూఆర్ పేజీలో దాన్ని సిస్టమే మనుషుల లెక్కని బట్టి కలిపేస్తుంది, అందుకే బగ్ అనిపించింది. టిప్ అయితే ఇవ్వక్కర్లేదు, ఇచ్చినా తీసుకోరు.

క్యూఆర్ కోడ్ పుట్టిందే జపాన్‌లో, 1994లో డెన్సో వాళ్లు కారు విడిభాగాల లెక్క కోసం చేశారు. ఆర్డర్ పేజీలో ఐటెం ఎంచుకున్నాక అది బుట్టలోనే ఉంటుంది, చివర్లో 'చూమోన్' బటన్ నొక్కితేనే వంటింటికి వెళ్తుంది, ఇది మర్చిపోయి అరగంట ఎదురుచూసేవాళ్లు చాలామంది. ఆ కోడ్ ఫొటో సోషల్ మీడియాలో పెట్టొద్దు, కొన్నిచోట్ల ఎవరు ఓపెన్ చేసినా మీ టేబుల్ మీదకే ఆర్డర్ వస్తుంది. పేజీ అస్సలు అర్థం కాకపోతే చెయ్యెత్తి 'సుమిమాసెన్' అనండి, వస్తారు. 'ఒసుసుమె' అంటే మీరేది బాగుంటుందంటారు అని, నా మటుకు నాకు బాగా నచ్చినవన్నీ ఈ మాటతో వచ్చినవే.

ప్రశ్న: కౌంటర్లో కూర్చుని రీల్స్ తీసుకోవచ్చా? చార్జర్‌కి అడాప్టర్ కావాలా? (కరీంనగర్)

మీ ప్లేటు ఫొటోకి సాధారణంగా ఎవరూ ఏమీ అనరు, అయినా 'షాషిన్ ఈ దెసు కా' అని ఒకసారి అడగండి, ఫ్లాష్ వద్దు. పక్కవాళ్ల ముఖాలు పడేలా వీడియో మాత్రం తీయకండి, వాళ్లు రోజంతా పనిచేసి వచ్చి కూర్చున్నవాళ్లు. అడాప్టర్ కావాలి, అక్కడ రెండు చదును పిన్నుల సాకెట్, 100 వోల్టులు. చార్జర్ మీద 100-240 అని రాసుంటే ఉత్త ప్లగ్ అడాప్టర్ చాలు, కన్వర్టర్ కొనొద్దు.