యుద్ధంలో విదేశీ నిఘా డ్రోన్లను పక్కనపెట్టి సొంతవి ఎందుకు తయారు చేసుకుంటారు?

కొన్న డ్రోను పగ్గాలు సగం అమ్మినవారి చేతిలోనే ఉంటాయి కాబట్టి, యుద్ధంలో ఉన్న దేశం దాన్ని నమ్ముకుని ఉండలేదు. అమ్మకం ఎప్పుడైనా ఆగిపోవచ్చు. అంతకంటే పెద్ద చిక్కు జామింగ్. శత్రువు రేడియో సంకేతాలను అడ్డుకుంటే ఫ్రీక్వెన్సీని, సాఫ్ట్‌వేర్‌ను వెంటనే మార్చాలి. లోపలి సంగతి తెలియని విదేశీ యంత్రంలో అది కష్టం.

ఉక్రెయిన్‌నే తీసుకోండి. 2022 ఏప్రిల్‌లో చైనా సంస్థ డీజేఐ అక్కడ, రష్యాలో అమ్మకాలు నిలిపివేసింది. 2023 సెప్టెంబరు నుంచి చైనా ప్రభుత్వమే డ్రోన్ల ఎగుమతిపై ఆంక్షలు పెట్టింది. ఉక్రెయిన్ సొంత నిఘా డ్రోన్లలో లెలేకా-100 ఒకటి. లెలేకా అంటే కొంగ, ఎంత చక్కని పేరో! దాదాపు రెండు మీటర్ల రెక్కలతో, గోదావరి డెల్టా చేలపై తేలే నత్తగుల్ల కొంగలా బరువంతా రెక్కలపైనే మోస్తూ సాగుతుంది. అందుకే రెండు గంటలకు పైగా గాలిలో ఉంటుంది. కోనసీమలో వరికి మందు చల్లే డ్రోను అలా కాదు: మందు ట్యాంకుతో సహా బరువంతా రోటర్లే మోయాలి, కొన్ని నిమిషాలకే బ్యాటరీ మార్చాలి.

స్వదేశీ అంటే ప్రతి మరా ఇక్కడిదే అనుకోవడం పొరపాటు. ఉక్రెయిన్ డ్రోన్లలో మోటార్లు, బ్యాటరీల వంటివి చాలావరకు చైనావే. మన దేశమూ 2022 ఫిబ్రవరిలో డ్రోన్ల దిగుమతిని నిషేధించింది. రక్షణ, పరిశోధన అవసరాలకు మినహాయింపు ఇచ్చింది, విడిభాగాలను మాత్రం ఆపలేదు.