విమర్శకులు మెచ్చిన ‘జోడియాక్’ నాకు మొదటిసారి ఎందుకు ఎక్కలేదు?

"విమర్శకులు ఆకాశానికెత్తే సైకలాజికల్ క్రైమ్ సినిమాలు మామూలు ప్రేక్షకులకి ఎందుకు బోర్ కొడతాయి? రేటింగ్ నమ్మి చూడొచ్చా?" అని అడిగారు. ఒక సినిమా విషయంలో నేను రెండు పక్షాల్లోనూ ఉన్నాను కాబట్టి ఆ సంగతే చెప్తాను. ముగింపు ప్రస్తావన కూడా వస్తుంది, చూడనివాళ్లు గమనించండి.

ఆ సినిమా డేవిడ్ ఫించర్ తీసిన ‘జోడియాక్’, 2007లో వచ్చింది. 1960ల చివర్లో శాన్‌ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల హత్యలు చేస్తూ, పత్రికలకి సంకేత లిపిలో ఉత్తరాలు పంపిన హంతకుడి కథ. అసలు కేసు ఇప్పటికీ తేలలేదు. నేను మాత్రం అదే దర్శకుడి ‘సెవెన్’ చూసిన ఊపులో దీన్ని పెట్టుకున్నాను. మొదటి గంట ఊపిరి బిగబట్టి చూశాను. తర్వాత హత్యలు ఆగిపోయాయి. పోలీసులు ఫైళ్లు తిరగేస్తారు, చేతిరాతలు పోలుస్తారు, పక్క ఊరి స్టేషన్‌కి ఫోన్లు చేస్తారు. ఏళ్లు గడిచిపోతాయి. రెండున్నర గంటలు దాటినా హంతకుడు దొరకడు. నాకు ఒళ్లు మండింది. పదికి ఐదు ఇచ్చి, "ఇంత పొగడ్త దేనికో అర్థం కాలేదు" అని రాసి పడుకున్నాను.

అలా అనిపించింది నాకొక్కడికే కాదు. అమెరికాలో విడుదలైన వారమే ఒక కామెడీ సినిమా దీన్ని వెనక్కి నెట్టేసింది. సుమారు 6.5 కోట్ల డాలర్లు పెట్టి తీస్తే అక్కడ వచ్చింది 3.3 కోట్లు, ప్రపంచమంతా కలిపినా 8.5 కోట్లే. ఆస్కార్‌కి ఒక్క నామినేషన్ కూడా రాలేదు. సమీక్షలు మాత్రం మొదటి నుంచీ బాగున్నాయి. 2016లో బీబీసీ ప్రపంచవ్యాప్తంగా 177 మంది విమర్శకుల్ని అడిగి 21వ శతాబ్దపు గొప్ప సినిమాల జాబితా వేస్తే ఇది 12వ స్థానంలో నిలిచింది.

ఆ జాబితా చూశాకే మళ్లీ పెట్టుకున్నాను. ఈసారి హంతకుడు దొరకడని ముందే తెలుసు, అదే మేలు చేసింది. ఒక సన్నివేశం ఉంటుంది. హంతకుడి కోసం సొంతంగా వెతుకుతున్న కార్టూనిస్టు, ఒక పోస్టర్ మీది చేతిరాత పట్టుకుని, పాత సినిమా హాల్లో పనిచేసిన ఒకాయన ఇంటికి వెళ్తాడు. ఆ రాత అనుమానితుడిదని ఇతని నమ్మకం. ఆ పెద్దాయన చాలా మామూలుగా, పోస్టర్లు రాసింది నేనే అంటాడు. ఆ తర్వాత పాత రికార్డులు చూద్దామని ఇతన్ని నేలమాళిగలోకి తీసుకెళ్తాడు. పైన చెక్క కిర్రుమంటుంది. ఇంట్లో ఇంకెవరైనా ఉన్నారా అని కార్టూనిస్టు అడుగుతాడు. కార్టూనిస్టు పరుగున పైకొస్తే తలుపు తాళం వేసి ఉంటుంది. పెద్దాయన వెనకే నెమ్మదిగా వచ్చి తలుపు తీస్తాడు. అంతే, ఇంకేమీ జరగదు.

మొదటిసారి ఇక్కడే విసుక్కున్నాను, ఊరికే భయపెట్టి వదిలేశారని. రెండోసారి అర్థమైంది: ఆ కార్టూనిస్టుకి ఇక ఎవరిని చూసినా హంతకుడిలాగే కనిపిస్తాడు. పెళ్లాం పిల్లల్ని తీసుకుని వెళ్లిపోయినా అతను ఆగలేడు. కథ అతని బుర్రలో నడుస్తోంది, నేను మాత్రం దాన్ని వీధిలో వెతుక్కున్నాను.

నాకు తోచిన కారణం ఇదే. క్రైమ్ అనగానే మనం "ఎవరు చేశారు?" అనే ప్రశ్నతో కూర్చుంటాం. ఈ తరహా సినిమా "వెతికేవాడు ఏమైపోయాడు?" అని అడుగుతుంది. ట్రైలర్ మొదటి ప్రశ్నకి టికెట్ అమ్మి, సినిమా రెండోదానికి జవాబు చెప్తే ప్రేక్షకుడికి కోపం రావడం న్యాయమే. అతనికి సినిమా తెలియదని కొట్టిపారేసేవాళ్లతో నేను ఒప్పుకోను.

అన్నిసార్లూ విమర్శకులే ముందుంటారనీ కాదు. 2019లో ‘జోకర్’కి వెనిస్ చిత్రోత్సవంలో పెద్ద బహుమతి గోల్డెన్ లయన్ ఇచ్చినా అమెరికా సమీక్షకులు రెండుగా చీలిపోయారు. జనం మాత్రం నెత్తిన పెట్టుకున్నారు, వసూళ్లు 100 కోట్ల డాలర్లు దాటాయి. 2024లో రెండో భాగం వచ్చేసరికి అదే జనం తిప్పికొట్టారు. విడుదల రోజే సినిమా చూసి బయటికొచ్చేవాళ్లని అడిగి గ్రేడ్ వేసే సినిమాస్కోర్‌లో దానికి ‘డి’ వచ్చింది. ఆ గ్రేడ్‌లో సినిమా బాగోగులకంటే, జనం ఏం ఆశించి వచ్చారో ఎక్కువ తెలుస్తుంది.

సమీక్షలన్నీ పోగుచేసి శాతం చూపించే రాటెన్ టొమాటోస్ వెబ్‌సైట్ అంకెతో కూడా జాగ్రత్త. 90 శాతం అంటే పదికి తొమ్మిది మార్కులని కాదు, వందలో తొంభై మంది సమీక్షకులు బాగుందన్నారని. అందరూ ‘పర్లేదు’ అన్నా అది 100 చూపిస్తుంది.

అందుకని నేనిప్పుడు అంకె చూసి వదిలేయను. రెండు మూడు స్టార్లు ఇచ్చినవాళ్లు ఏం రాశారో చదువుతాను. "పాత్రలు అర్థంలేకుండా ప్రవర్తించాయి" అంటే ఆలోచిస్తాను. "చివరికి ఏమీ తేల్చలేదు", "మాటలెక్కువ" అంటే మాత్రం ఫోన్ పక్కన పడేసి, మర్నాడు తొందర పని లేని రాత్రి చూసుకుని పెట్టుకుంటాను. మీరు ‘జోడియాక్’ చూడకపోతే అలాంటి రాత్రే చూడండి. చూసి నచ్చకపోతే ఎక్కడ నచ్చలేదో ఇక్కడే రాయండి, ఆ సన్నివేశం గురించి మాట్లాడుకుందాం.