ఎదురుగాలి లెక్క: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: క్రాస్ కంట్రీ హ్యాంగ్ గ్లైడింగ్ (ఇంజన్ లేని రెక్క కింద వేలాడుతూ దూరాలు ఎగిరే) పోటీలో ఈమధ్యే మొదటిసారి పాల్గొన్నాను. ఒక రోజు గాలి గంటకు 25 కిలోమీటర్ల వేగంతో వీస్తుండగా, మొదటి టర్న్‌పాయింట్‌ను (తాకి మలుపు తిరగవలసిన చోటును) గాలికి ఎదురుగా 30 కిలోమీటర్ల దూరంలో పెట్టారు. దొరికిన ప్రతి థర్మల్‌లోనూ (పైకి లేచే వెచ్చని గాలిలోనూ) ఓపికగా తిరుగుతూ ఎత్తు సంపాదించాను. అయినా రెండు గంటల్లో ఎనిమిది కిలోమీటర్లే ముందుకు వెళ్లగలిగాను. నా తరువాత బయలుదేరినవారు కూడా నన్ను దాటిపోయారు. లోపం ఎక్కడుంది?

జవాబు: మీ ఓపికే మీ లోపమంటే నొచ్చుకోకండి. మీరు థర్మల్‌లో తిరుగుతున్నంతసేపూ ఆ థర్మల్ మిమ్మల్ని పైకి తీసుకువెళ్తూనే వెనక్కి కూడా మోసుకుపోతుంది. ఎక్కుతున్నామని కూసి చెప్పే వేరియోమీటర్‌ను వింటున్న పైలట్‌కు ఆ వెనకడుగు చెవిన పడదు. కాగితం మీద లెక్క వేసి చూడండి. సెకనుకు 2 మీటర్ల చొప్పున 1,000 మీటర్లు ఎక్కడానికి 8 నిమిషాల 20 సెకన్లు పడుతుంది, ఆ వ్యవధిలో గాలి మిమ్మల్ని సుమారు 3.5 కిలోమీటర్లు వెనక్కి నెడుతుంది. నిశ్చలమైన గాలిలో గంటకు 50 కిలోమీటర్ల వేగంతో ఒక మీటరు దిగితే 15 మీటర్లు ముందుకు సాగే గ్లైడర్ మీదనుకుంటే, మీరు చెప్పిన ఎదురుగాలిలో నేల మీద దాని వేగం సగమవుతుంది, ఆ 15 మీటర్లు ఏడున్నరకు పడిపోతాయి. అంటే సంపాదించిన వెయ్యి మీటర్లను ఖర్చు చేస్తే 7.5 కిలోమీటర్లు వెళ్తారు, అందులో 3.5 కిలోమీటర్లు పాత బాకీకి పోతాయి, చేతికి మిగిలేది నాలుగు.

అదే థర్మల్ సెకనుకు ఒక మీటరు మాత్రమే ఎక్కిస్తుంటే వెనక్కి పోయే దూరం దాదాపు ఏడు కిలోమీటర్లు, మిగిలేది అర కిలోమీటరు. రెండు థర్మల్స్ మధ్య గాలి సాధారణంగా కిందికి దిగుతూ ఉంటుంది కనుక ఆ అర కిలోమీటరు కూడా నిజానికి దక్కదు. సెకనుకు 4 మీటర్ల థర్మల్ దొరికితే మాత్రం వెనక్కి పోయేది 1.7 కిలోమీటర్లే. మిమ్మల్ని దాటిపోయినవారు బహుశా ఆ బలమైన థర్మల్స్‌లోనే తిరిగి, బలహీనమైనవాటిని వదిలేసి ఉంటారు. నేలకు మరీ దగ్గరగా ఉన్నప్పుడు సంగతి వేరు: అప్పుడు అర మీటరు థర్మల్ అయినా దిగిపోవడం కన్నా నయమే, కాని అది గాలిలో నిలిచి ఉండడానికే తప్ప ముందుకు సాగడానికి కాదని గుర్తుంచుకొని, కాస్త ఎత్తు రాగానే మరొక దానిని వెతుక్కుంటూ కదలాలి.

ఇలాంటి రోజున అసలు తిరగకుండానే ముందుకు పోయే దారి ఉందేమో మొదట చూడాలి. గాలి స్థిరంగా వీచే రోజుల్లో మేఘాలు తరచు గాలి దిశలోనే వరుసలు కడతాయి, ఆ వరుస కింద నిటారుగా ఎదురు వెళ్తే పైకి లేచే గాలి మిమ్మల్ని మోస్తూనే ఉంటుంది, వెనక్కి పోయే బాకీ పడదు. వరుస పక్కన వంద మీటర్ల దూరంలో వెళ్లే పైలట్‌కు వరుసల నడుమ దిగే గాలి తగలవచ్చు. కనుక ఎడమకో కుడికో కొద్దిగా జరిగి, వేరియోమీటర్ ఎక్కడ ఊరట చూపుతుందో అక్కడే నిలవండి. తిరగక తప్పనప్పుడు మీ వృత్తాన్ని గాలి వచ్చే వైపుకు కాస్త సాగదీయండి, ఎందుకంటే చాలామంది థర్మల్ నుంచి జారిపోయేది దాని వెనకవైపునుంచే.

టర్న్‌పాయింట్ దగ్గర చేసే తప్పు మరొకటుంది. గాలికి ఎదురుగా ఉన్న టర్న్‌పాయింట్‌ను తాకాక గాలితో పాటు వెనక్కి తిరగవలసి ఉంటే, దాని ముందు ఎత్తు సంపాదించడం వృథా శ్రమ. తక్కువ ఎత్తులోనే, భద్రతకు సరిపడా మిగుల్చుకొని, దాని హద్దును తాకి వచ్చి, ఆ తరువాత థర్మల్‌లో తిరిగితే వెనక్కి నెట్టే గాలే మిమ్మల్ని మీరు వెళ్లవలసిన వైపు మోసుకుపోతుంది. గాలి వాలున ఉన్న టర్న్‌పాయింట్‌కు ఇది తలకిందులు: అక్కడికి చేరేముందే ఎక్కాలి.

ప్రశ్న: మేఘాలు మరీ ఎత్తుగా పెరుగుతుంటే, ముందున్న పైలట్లు ఇంకా ఎక్కుతూనే ఉంటే, నిర్వాహకులు టాస్క్‌ను (ఆ రోజు పోటీని) ఆపకపోతే, నేను ఏం చేయాలి? దిగిపోతే పాయింట్లు పోతాయి కదా?

జవాబు: నిర్వాహకుల నిర్ణయం కోసం ఎదురుచూడవలసిన పని లేదు. పోటీల్లో పైలట్లు రేడియోలో పరిస్థితిని ఒకటి, రెండు, మూడు స్థాయులుగా చెప్పే పద్ధతి ఉంది, మూడు అంటే ఎగరడం ప్రమాదకరమని అర్థం. అలా అనిపించిన క్షణంలో మొహమాటం లేకుండా చెప్పండి. ఎవరో ఒకరు మొదట నోరు విప్పాలి, ఆ మాట కోసం మరికొందరు ఎదురుచూస్తూ ఉంటారు.

మేఘం పెరుగుతున్నప్పుడు భయపడవలసింది కిందినుంచి కనబడే నలుపు ఒక్కటే కాదు. మామూలు థర్మల్‌లో పైకి వెళ్లేకొద్దీ అందులోని మధ్యభాగాన్ని వెతుక్కోవాలి. మేఘం పీల్చుకునే చోట ఎటు తిరిగినా, నిటారుగా వెళ్లినా, వేరియోమీటర్ ఆగకుండా కూస్తుంది. ఎక్కడం ఇంత తేలికగా ఉందేమని సంతోషం కలిగితే, అప్పుడే బయటపడాలి. చేతుల్లోని బేస్ బార్‌ను దగ్గరకు లాగి వేగం పెంచి, మేఘపు అడుగు చేరకముందే దాని అంచు వైపు వెళ్లండి. 2007 ఫిబ్రవరి 14న ఆస్ట్రేలియాలోని మానిలా వద్ద, ప్రపంచ పోటీకి ముందు సాధన చేస్తున్న జర్మనీ జట్టు పారాగ్లైడర్ పైలట్ ఎవా విష్నియెర్‌స్కాను ఇటువంటి మేఘమే 9,946 మీటర్ల ఎత్తుకు లాక్కుపోయింది. ఆమె స్పృహ తప్పి, మంచు గడ్డకట్టిన దుస్తులతో, చాలాసేపటికి తేరుకొని బతికి బయటపడ్డారు. అదే రోజు అదే తుఫానులో చైనా పైలట్ ఒకరు ప్రాణాలు కోల్పోయారు. వారిద్దరూ అనుభవజ్ఞులే.

ఉరుముల మేఘం మీ తల మీదే ఉండనక్కరలేదు. దాని నుంచి జారి, నేల మీద పరుచుకునే చల్లగాలి ఎన్నో కిలోమీటర్లు ముందే వచ్చి చేరుతుంది. ఎండగా ఉన్న పొలం మీద దిగబోతున్న పైలట్‌కు నిమిషాల్లో గాలి దిశ తిరిగిపోయి, వేగం రెట్టింపు కావచ్చు. దూరాన నేల మీద దుమ్ము గోడలా కదలడం, చెట్ల కొమ్మలు ఒక్కసారిగా ఒకే వైపుకు వంగడం దాని గుర్తులు. అవి కనబడే సరికే ఆలస్యమైనట్టు. అంతకు అరగంట ముందే విశాలమైన ఖాళీ స్థలంలో దిగి, గ్లైడర్‌ను మడిచి ఉండాలి.

ఇక పాయింట్ల సంగతి. గోల్‌కు (చివరి గమ్యానికి) ఎవరూ చేరని రోజు వేగానికి పాయింట్లే ఉండవు, దూరమే ముఖ్యం. టాస్క్‌ను మధ్యలో ఆపితే, ఆపిన క్షణం వరకు కాక, దానికి కొంత ముందటి సమయం వరకే ఫలితాన్ని లెక్కిస్తారు. కాబట్టి మీ పక్కనే ఉండి, ఆ నల్లని మేఘం కింద మరో పది నిమిషాలు సాహసించిన పైలట్‌కు ఆ నిమిషాల దూరం తరచు దక్కదు. మీరు తొందరగా దిగి పోగొట్టుకున్నది మీరనుకున్నంత ఉండకపోవచ్చు.

ప్రశ్న: లాంచ్ (బయలుదేరే చోటు) వద్ద గాలి ఉధృతంగా ఉంటే బయలుదేరకపోవడం పిరికితనమా?

జవాబు: కాదు. బయలుదేరని పైలట్‌కు ఆ రోజు సున్నాయే, కాని చాలామంది బయలుదేరకపోతే ఆ రోజుకు కేటాయించిన పాయింట్ల మొత్తమే తగ్గుతుంది, అందువల్ల మిగతావారు అందుకునేది కూడా తక్కువే. గాలి స్థిరంగా ఉంటే కొంచెం వేగంగా వీచినా ఎగరవచ్చు. ఆగి ఆగి ఈడ్చికొట్టే గాలిలో, రెండు విసుర్ల మధ్య ప్రశాంతత చూసి పరిగెత్తవచ్చునని నమ్మడం మాత్రం సరికాదు, ఎందుకంటే ఆ ప్రశాంతత ఎంతసేపు ఉంటుందో ముందుగా ఎవరికీ తెలియదు.