హాట్ యోగాలో చేరవచ్చా? విజయనగరంలో నాకు ఎదురైనది

మీరు రెండు ప్రశ్నలు అడిగారు. నడుము నొప్పి తగ్గడానికి హాట్ యోగాలో, అంటే బాగా వేడెక్కించిన గదిలో ఆసనాలు వేయించే క్లాసులో, చేరవచ్చా అన్నది ఒకటి. బీపీ మాత్రలు వేసుకుంటున్న మీ అమ్మగారిని కూడా తీసుకెళ్ళవచ్చా అన్నది రెండోది. రెండోదానికే ముందు జవాబు చెబుతాను. డాక్టరును అడగకుండా ఆవిడను ఆ గదిలోకి తీసుకెళ్ళకండి. బీపీకి ఇచ్చే మందుల్లో కొన్ని ఒంట్లోని నీటిని మూత్రంగా పంపేస్తాయి, కొన్ని గుండె వేగాన్ని తగ్గిస్తాయి. వేడిలో ఒళ్ళు చల్లబడాలంటే ఆ నీరూ కావాలి, గుండె వేగంగా కొట్టుకోవడమూ కావాలి.

ఇక మొదటి ప్రశ్న. మాది విజయనగరం, కోటకు దగ్గరలోనే ఉంటాం. నేను బడిలో పాఠాలు చెబుతాను. రోజంతా నిలబడడం వల్ల సాయంత్రానికి నడుము పట్టేసేది. 2025లో యోగాంధ్ర పేరుతో నెల రోజులు ఊరూరా ఆసనాలు వేయించారు. జూన్ 21న విశాఖ ఆర్కే బీచ్ నుంచి మన జిల్లాలోని భోగాపురం వరకు చాపలు పరిచారు, మీకు గుర్తుండే ఉంటుంది. ఆ నెల మా బడి మైదానంలో వేసిన తేలికపాటి ఆసనాలకే నా నడుము కొంత నెమ్మదించింది. అందుకే ఊళ్ళో హాట్ యోగా మొదలుపెట్టారని విని ఎంతో ఆశపడ్డాను. సిరిమానోత్సవం అయిన మరుసటి వారం మూడు నెలల రుసుము ముందుగానే కట్టేశాను.

దుకాణాల మీద రెండో అంతస్తులో ఒక హాలు. కిటికీలన్నీ థర్మోకోల్ అట్టలతో మూసేశారు. నాలుగు మూలలా విద్యుత్ హీటర్లు. లోపల ఇరవై మందికి పైగా ఉన్నాం. చాపకూ చాపకూ మధ్య జానెడు చోటు కూడా లేదు. నా వయసెంత, జబ్బులేమైనా ఉన్నాయా, మందులు వాడుతున్నానా అని ఎవరూ అడగలేదు. గదిలో వేడి ఎంత ఉందో చూద్దామంటే గోడకు థర్మామీటరు లేదు. నేర్పించే ఆయనను అడిగితే, "చెమట పడుతోందంటే సరిపోయినట్టే" అన్నారు.

ఆ జవాబు నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. ఈ పద్ధతికి కచ్చితమైన లెక్కలు ఉన్నాయి. కోల్‌కతాలో పుట్టిన బిక్రమ్ చౌదరి 1970లలో అమెరికాలో దీన్ని ప్రచారంలోకి తెచ్చారు. శ్వాస అభ్యాసాలతో కలిపి 26 భంగిమలు, 90 నిమిషాలు, సుమారు 40.5 డిగ్రీల వేడి, గాలిలో తేమ 40 శాతం. ఆ తేమ లెక్కను పట్టించుకోకపోతే ప్రమాదం. చెమట పట్టినంత మాత్రాన ఒళ్ళు చల్లబడదు, ఆ చెమట ఆవిరైతేనే చల్లబడుతుంది. మూసిన గదిలో ఇరవై మంది ఊపిరీ చెమటా కలిసి గాలి బరువెక్కితే, కారే చెమట కారుతూనే ఉంటుంది, ఒంట్లో వేడి మాత్రం దిగదు. మే నెల ఉక్కపోతలో ఫ్యాన్ ఆగిపోతే ఎలా ఉంటుందో మనవాళ్ళకు వేరే చెప్పాలా?

అర్ధచంద్రాసనం, పాదహస్తాసనం, ఉత్కటాసనం ఒకదాని వెంట ఒకటి పరుగులా సాగాయి. మోకాళ్ళు ఎక్కడ ఉండాలో, నడుము ఎలా నిలపాలో దగ్గరకు వచ్చి సరిదిద్దినవాళ్ళు లేరు. పాదహస్తాసనంలో నేను ఎప్పుడూ అందుకోలేని చోటికి నా చేతులు చేరాయి. మొదట సంతోషించాను. అసలు చిక్కు అక్కడే ఉందని తరువాత తెలిసింది. వేడికి కండరాలు వదులవుతాయి, ఇంకాస్త వంగవచ్చనిపిస్తుంది, ఆగమని నొప్పి చెప్పేసరికి హద్దు దాటిపోయి ఉంటాం. మరునాటి నుంచి నాలుగు రోజులు వంగి బకెట్టు ఎత్తలేకపోయాను.

అయినా నా నడుము సంగతి చిన్నది. నా పక్క చాప మీద అరవై ఏళ్ళ ఆవిడ ఒకరు ఉన్నారు. గరుడాసనం దగ్గరకు వచ్చేసరికి ఆవిడ ముఖం పాలిపోయింది, కళ్ళు తిరుగుతున్నాయంటూ కూర్చున్నారు. "కూర్చోకండి, లేవండి, ఇప్పుడు ఆపితే ఈ రోజు సాధనంతా వృథా" అని ముందు నుంచి కేక వినిపించింది. ఈ పద్ధతి తెలిసినవాళ్ళు ఎవరైనా కొత్తవాళ్ళకు మొట్టమొదట చెప్పేది, కళ్ళు తిరిగితే వెంటనే కూర్చోమనే. ఆవిడను చెయ్యి పట్టి మెట్ల దగ్గరకు తీసుకొచ్చాను. చేతులు చల్లగా, తడిగా ఉన్నాయి. కింద మందుల దుకాణంలో ఓఆర్ఎస్ పొట్లం కొని, లీటరు నీళ్ళలో కలిపి కొద్దికొద్దిగా తాగించాను. అరగంటకు తేరుకున్నారు. తేరుకోగానే ఆవిడ నాతో అన్న మొదటి మాట, "నా వల్ల మీ క్లాసు పోయింది, ఏమీ అనుకోకమ్మా" అని. తప్పు తనదేనని ఆవిడ అనుకునేలా చేశారు. దాన్ని నేను క్షమించలేను. మళ్ళీ అక్కడికి వెళ్ళలేదు. కట్టిన డబ్బు తిరిగి ఇవ్వలేదు.

చెమట పట్టడమే యోగమని ఎవరైనా అంటే నమ్మకండి. 15వ శతాబ్దపు యోగ గ్రంథమైన హఠయోగ ప్రదీపికలో చెమట ప్రస్తావన ఉంది, అయితే అది శ్రమ వల్ల పుట్టిన చెమట. దాన్ని ఒంటికే మర్దించుకోమంటుంది. సాధన చేసే చోటు గురించి చెబుతూ, చుట్టూ వింటి పొడవు మేర రాయి, నిప్పు, నీరు ఉండకూడదంటుంది. ఇప్పటి పరిశోధన సంగతికి వస్తే, 2018లో టెక్సస్ రాష్ట్ర విశ్వవిద్యాలయం వారు ఇవే 26 భంగిమలను కొందరిచేత 40.5 డిగ్రీల గదిలో, మరికొందరిచేత మామూలు గదిలో 12 వారాలు చేయించారు. రక్తనాళాల పనితీరు రెండు జట్లలోనూ మెరుగుపడింది. అంటే ఆ మేలు ఆసనాలది, హీటరుది కాదు.

వేడి గదిలో చేసే యోగా అంతా చెడ్డదని నేను అనను. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు, మంచి గురువు దగ్గర, గాలి మారే గదిలో చేసి సుఖపడుతున్నారేమో. మీకు వెళ్ళాలనే ఉంటే డబ్బు కట్టే ముందు ఒక రోజు క్లాసు జరుగుతుండగా వెళ్ళి తలుపు దగ్గర నిలబడి చూడండి. థర్మామీటరు ఉందా, తలుపు లోపలివాళ్ళు ఎప్పుడంటే అప్పుడు తెరుచుకోవచ్చా, మంచినీళ్ళు తాగనిస్తున్నారా, మీ నడుము గురించి వాళ్ళంతట వాళ్ళే అడుగుతున్నారా గమనించండి. ఈ చివరిది లేకపోతే మిగతావన్నీ ఉన్నా చేరవద్దు.

నేను ఇప్పుడు తెల్లవారుజామున ఐదున్నరకు మా డాబా మీదే చేస్తున్నాను. పదవీ విరమణ చేసిన డ్రిల్ మాస్టారు ఒకరు వారానికి రెండుసార్లు వచ్చి మా వీధివాళ్ళకు నేర్పిస్తారు. భుజంగాసనంలో నేను రెండంగుళాలు ఎక్కువ లేస్తే చాలు, "చాలమ్మా, అక్కడే ఆగు" అంటారు. మీ అమ్మగారి వయసువాళ్ళు ముగ్గురు కుర్చీలో కూర్చునే చేస్తున్నారు. ఆవిడ వాడుతున్న మాత్రల చీటీని ఈ వారంలోనే డాక్టరుకు చూపించి, ఎంతవరకు చేయవచ్చో కనుక్కోండి.