నాన్న మాట్లాడకపోతే దేవుడూ వదిలేసినట్టేనా?

ప్రశ్న: చిన్న వయసులోనే బాప్తిస్మం తీసుకున్నాను. ఇప్పుడు ఇద్దరు పిల్లల తల్లిని. పిల్లల మీద అరిచినా, ప్రార్థన మానేసినా నా రక్షణ పోయిందేమోనని టెన్షన్. బైబిల్లోని హెబ్రీ పత్రిక ఆరో అధ్యాయంలో విశ్వాసం నుంచి తప్పిపోయినవారి గురించి చదివాక నిద్ర పట్టడం లేదు. మళ్లీ బాప్తిస్మం తీసుకోవాలా? ఈ మధ్య సంఘ పెద్ద అయిన మా నాన్నగారికి ఎదురు చెప్పాను. చిన్నప్పటిలాగే మాట్లాడటం మానేశారు. ‘సారీ నాన్నా’ అని రోజూ మెసేజ్ పెడుతున్నా. నీలం టిక్కులు పడతాయి, జవాబు రాదు.

జవాబు: మళ్లీ బాప్తిస్మం అక్కర్లేదమ్మా. ఆ ఆలోచన వదిలేయండి.

నన్ను కలవరపెట్టింది మీరు చివర్లో రాసిన నాన్నగారి సంగతి. తప్పు చేస్తే మౌనమే శిక్షగా పెరిగారు. అందుకే దేవుణ్ణి ‘తండ్రీ’ అని పిలుస్తూనే, ఆయన కూడా ముఖం తిప్పుకున్నాడేమోనని భయపడుతున్నారు. ప్రార్థనలోనూ ఆ నీలం టిక్కుల కోసమే చూస్తున్నారు.

యేసు శిష్యుడు పేతురును చూడండి. ప్రభువును ఎరగనని మూడుసార్లు బొంకాడు. అతను బొంకక ముందే, నీ నమ్మిక తప్పిపోకుండా వేడుకున్నానని యేసు చెప్పి ఉంచారు. ఆయన చనిపోయి తిరిగి లేచాక గట్టున నిప్పుల మీద చేపలు, రొట్టె సిద్ధం చేసి, ముందు రండి, తినండి అన్నారు. ‘నన్ను ప్రేమిస్తున్నావా’ అని అడిగింది తిన్న తర్వాతే. మాట మానేసి ఏడిపించలేదు.

హెబ్రీలో భయపెట్టిన మాట దగ్గరే ఆగిపోయారు మీరు. అదే అధ్యాయం 18, 19 వచనాల దాకా చదవండి. దేవుడు అబద్ధమాడలేడని, ఆయన ఇచ్చిన నిరీక్షణ మన ప్రాణానికి లంగరని ఉంది. తన గొర్రెలను తన చేతిలోంచి ఎవరూ లాక్కోలేరని యోహాను 10లో ప్రభువే అన్నారు. పట్టు ఆయనది, మీది కాదు.

అలాగని కోపాన్ని తేలిగ్గా తీసుకోకండి. పిల్లల మీద అరిస్తే ఆ రోజే వాళ్లకు సారీ చెప్పండి. ఎంత కోపమొచ్చినా వాళ్లతో మాట మానకండి.

తండ్రిని సన్మానించాల్సిందే. పిల్లలకు కోపం రేపవద్దని తండ్రులకు కూడా ఎఫెసీ 6:4లో ఆజ్ఞ ఉంది, సంఘ పెద్దకు మినహాయింపేమీ లేదు. మీరు క్షమాపణ అడిగారు, అయిపోయింది. ఇంకో ‘సారీ’ పంపకండి. ఆయన ఆరోగ్యం గురించి మాత్రం ఎప్పటిలా కనుక్కోండి. జవాబివ్వడం, ఇవ్వకపోవడం ఆయన ఇష్టం.