చెక్క దిమ్మ నుంచి నాట్ విమానం: ఏ చెక్క, ఎక్కడ మొదలు?

"ఇప్పటిదాకా ప్లాస్టిక్ కిట్లే చేశాను. చెక్కను చెక్కి ఒక విమానం నమూనా చేయాలని ఉంది. ఏ చెక్క తీసుకోవాలి, ఎక్కడ మొదలుపెట్టాలి, ఎంతకాలం పడుతుంది?" అని అడిగారు. నేను ఇంతవరకు ఆరు విమానాలు చెక్కాను. వాటిలో రెండు నాట్‌లు. ఆ అనుభవంతోనే చెబుతున్నాను.

మొదటిదానిగా మీరూ నాట్‌నే తీసుకోండి. 1955లో ఇంగ్లండ్‌లో తొలిసారి ఎగిరిన ఈ చిన్న యుద్ధవిమానాన్ని తర్వాత మన బెంగళూరులో హెచ్‌ఏఎల్ (హిందుస్తాన్ ఏరోనాటిక్స్) తయారుచేసింది. 1971 డిసెంబరు 14న శ్రీనగర్ మీద దాడికి వచ్చిన పాకిస్తాన్ సేబర్ యుద్ధవిమానాలను ఫ్లయింగ్ ఆఫీసర్ నిర్మల్‌జిత్ సింగ్ సెఖోన్ ఎదుర్కొని ప్రాణాలర్పించింది ఈ నాట్‌లోనే. మన వైమానిక దళానికి దక్కిన ఒకే ఒక్క పరమవీర చక్ర ఆయనది. నేను దీన్ని ఎంచుకోవడానికి మొదటి కారణం అదే. రెండోది దాని సైజు. అసలు విమానం పొడవు 8.74 మీటర్లు, రెక్క కొస నుంచి రెక్క కొసకు 6.73 మీటర్లు. 1:48 స్కేలులో, అంటే అసలులో 48వ వంతుగా, అది 182 మిల్లీమీటర్ల పొడవు, 140 మిల్లీమీటర్ల వెడల్పు అవుతుంది. అరచేతిలో పట్టుకుని చెక్కవచ్చు. ప్రొపెల్లర్ లేదు. ఎగురుతున్నట్టు చేస్తే చక్రాల పనీ ఉండదు.

ఇక చెక్క సంగతి. నేను ఉండేది విజయవాడలో. కొండపల్లి దగ్గరే కాబట్టి అక్కడి బొమ్మల కళాకారుల పని చూసి నేర్చుకున్నది చాలా ఉంది. వాళ్లు వాడే తెల్ల పొణికి చాలా తేలిక, కత్తికి మెత్తగా తెగుతుంది. విమానం మొండేనికి ఇంతకంటే అనువైనది నాకు దొరకలేదు. అయితే మెత్తనిది కాబట్టి గోరు గట్టిగా తగిలినా నొక్కు పడుతుంది. పలచగా ఉండే రెక్కలకు, తోకకు మాత్రం ఏటికొప్పాక లక్క బొమ్మలు చేసే అంకుడు కర్ర మంచిది. దాని పొర (చెక్కలోని నార) సన్నగా, నునుపుగా ఉంటుంది, అంచు చిట్లదు. టేకు జోలికి పోకండి. ఆ చెక్కలో నూనె ఉంటుంది, రంగు సరిగా పట్టదు, ఇంత చిన్న పనికి పొర మోటుగా కనిపిస్తుంది. ఏ చెక్క అయినా బాగా ఎండి ఉండాలి. పచ్చి చెక్క మీద చేసిన పనంతా నెల తిరిగేసరికి వంకర పోతుంది.

పని మొదలయ్యేది కాగితం మీద. విమానాన్ని పక్క నుంచి, పై నుంచి, ముందు నుంచి చూపే గీతల చిత్రాన్ని స్కేలుకు తగ్గట్టు ప్రింటు తీయించండి. తీయించాక స్కేలుబద్ద పెట్టి తప్పకుండా కొలవండి. ప్రింటర్లు చెప్పకుండానే కాస్త కుదించేస్తాయి. 1:48లో ఒక మిల్లీమీటరు తేడా అంటే అసలు విమానంలో దాదాపు ఐదు సెంటీమీటర్లు.

అన్నింటికంటే ముఖ్యమైనది ఇప్పుడు చెబుతాను. మొదటి నాట్‌ను నేను ఒకే దిమ్మలో చెక్కాను. పైనా కిందా పెన్సిల్‌తో మధ్య గీత గీసుకున్నాను. మూలలు గుండ్రం చేస్తున్నకొద్దీ ఆ గీత చెరిగిపోయింది. మళ్లీ గీశాను, మళ్లీ పోయింది, ఈసారి కంటి అంచనాతో గీశాను. చివర్లో తోక నిలబెట్టి వెనుక నుంచి చూస్తే ముక్కు రెండు మిల్లీమీటర్లు ఎడమకు తిరిగి ఉంది. అప్పటికి దిద్దడానికి చెక్క మిగల్లేదు. అన్నాళ్ల పని అలా పోయినందుకు చాలా బాధపడ్డాను.

అందుకే రెండోసారి పద్ధతి మార్చాను. విమానం మొండెం వెడల్పులో సగం కంటే కాస్త మందంగా ఉన్న రెండు పలకలు తీసుకుని, మధ్యలో వార్తాపత్రిక ముక్క పెట్టి ఫెవికాల్‌తో అతికించాను. ఆ అతుకే మధ్య గీత. ఎంత చెక్కినా, ఎంత రుద్దినా సన్నని నల్లటి చారలా కనిపిస్తూనే ఉంటుంది. ఇంకో మేలు కూడా ఉంది. చెక్కడం అయ్యాక ఆ కాగితం పొరలోకి పలుచని కత్తి దూర్చి మెల్లగా తిప్పితే మొండెం రెండు సగాలుగా విడిపోతుంది. కాక్‌పిట్ తొలుచుకుని మళ్లీ అతికించుకోవచ్చు.

అతికించిన దిమ్మకు ఒక పక్కన పక్క చిత్రం, పైన పై చిత్రం అంటించండి. ముందు పక్క రూపాన్ని రంపంతో కోయండి, గీతకు ఒక మిల్లీమీటరు బయటే. కోసిన ముక్కలను పారేయకుండా టేపుతో మళ్లీ అక్కడే అంటించండి. పై చిత్రం ఆ ముక్కల మీదే ఉంటుంది, పైగా దిమ్మ బల్ల మీద కదలకుండా కూర్చుంటుంది. అప్పుడు పై రూపం కోయండి. టేపు విప్పితే మూలలు తేలిన మోటు విమానం బయటపడుతుంది.

ఇక్కడి నుంచి కత్తి, ఆకురాయి, గరుకు కాగితం. నాలుగు మూలలను కోసి ఎనిమిది పలకలు చేయండి, ఎనిమిదిని పదహారు చేయండి, ఆ తర్వాతే గుండ్రం. కత్తి ఎప్పుడూ లావు నుంచి సన్నానికి సాగాలి: మధ్య నుంచి ముక్కు వైపు, మధ్య నుంచి తోక వైపు. ఎదురు తిప్పితే పొర లేచి చెక్క లోతుగా చీలిపోతుంది. పట్టుకున్న చేతి వేళ్లు ఎప్పుడూ కత్తి వెనకే ఉండాలి.

గుండ్రం సరిగా వచ్చిందో లేదో కంటితో తేల్చకండి. మొండెం పొడవునా ఏడెనిమిది చోట్ల అడ్డుకోత ఆకారాన్ని అట్టలో సగం సగం కత్తిరించి పెట్టుకోండి. నేను రాత్రిపూట గదిలో దీపాలు ఆర్పేసి, టార్చి వెలుగులో ఈ పని చేస్తాను. అట్టను చెక్కకు ఆనించి వెనక టార్చి పెడితే, ఎక్కడ ఖాళీ ఉందో అక్కడ వెలుగు గీతలా కారుతుంది. అట్ట అంచుకు పెన్సిల్ ముల్లు రుద్ది ఆనించి కదిపితే, చెక్క ఎత్తుగా ఉన్నచోట మాత్రమే నల్లటి మచ్చ పడుతుంది. ఆ మచ్చ వరకే గరుకు కాగితంతో నాలుగు సార్లు రుద్ది మళ్లీ ఆనించాలి. ఒకే అట్టను కుడికీ ఎడమకూ వాడితే రెండు వైపులూ ఒకేలా వస్తాయి. కాస్త కాస్తగా వెలుగు సన్ననై, చివరికి పూర్తిగా ఆరిపోయే క్షణం కోసమే నేను ఈ పని చేస్తాను.

రెక్కలను జంటగా, ఒకదాని మీద ఒకటి పెట్టి కోయండి. చెక్క పొర రెక్క పొడవునా సాగాలి. వెనక అంచు కాగితంలా పలచబడ్డాక విరిగే ప్రమాదం ఉంది కాబట్టి ముందే పలుచని సూపర్ గ్లూ పట్టించండి. నాట్ రెక్కలు మొండెం పైభాగాన మొదలై కొసలకు వచ్చేసరికి కొద్దిగా కిందికి వాలతాయి. ఆ వాలు పోతే అది నాట్‌లా ఉండదు. గాలి లోపలికి వెళ్లే పక్క గొట్టాలను విడిగా చెక్కి అతికించడం తేలిక. నోరు ముందుగా డ్రిల్లుతో తొలిచి, గుండ్రటి ఉలితో పెద్దది చేయండి.

అతుకుల దగ్గర సందులకు దుకాణంలో దొరికే పుట్టీ కంటే నాకు కొండపల్లి మక్కు బాగా నచ్చింది. చింతగింజల పొడి, మెత్తటి రంపపు పొట్టు నీటితో ముద్దగా కలిపితే మక్కు. చెక్కతో చెక్కలా కలిసిపోతుంది. ఆరేటప్పుడు కుంచించుకుపోతుంది కాబట్టి పలుచటి పొరలుగా పెట్టాలి.

రంగు గురించి ఎక్కువ కంగారు పడకండి. 1942లో అమెరికా నౌకాదళం విమానాలను గుర్తుపట్టే శిక్షణ కోసం అక్కడి హైస్కూలు విద్యార్థులను 1:72 స్కేలులో 5 లక్షల చెక్క నమూనాలు చేసిపెట్టమని కోరింది. వాటికి వేసిన రంగు నలుపు ఒక్కటే. రూపం సరిగా ఉంటే చాలని వాళ్ల లెక్క. మీ మొదటి నాట్‌కూ నలుపో బూడిద రంగో వేయండి. వెండి రంగు వేయాలంటే సీలర్ (చెక్క సన్న రంధ్రాలను మూసే పూత) రెండు మూడు పూతలు పూసి, ప్రతి పూత తర్వాతా రుద్దాలి. వెండి రంగు కింద చిన్న గీత కూడా దాగదు.

కాలం సంగతి: మొదటిదానికి నాకు మూడు నెలలు పట్టింది, రోజూ రాత్రి గంట చొప్పున. రెండోది ఐదు వారాల్లో అయింది. ఇప్పుడు రెండూ ఒకే అరలో పక్కపక్కన ఉన్నాయి, వంకర ముక్కుది ముందు, తిన్ననిది దాని వెనక.