చాప్లిన్ 'కార్మెన్' ఒకచోట అరగంట, ఇంకోచోట గంట: ఏది చూడాలి?

మీరడిగింది రెండు ముక్కలు. చాప్లిన్ తీసిన 'కార్మెన్' పేరడీ నిడివి ఒక్కోచోట ఒక్కోలా ఎందుకుంది? గంటసేపు చూసినా నవ్వు ఎందుకు రాలేదు? రెండింటికీ కారణం ఒకటే. మీరు చూసిన గంట కాపీలో చాలా భాగం చాప్లిన్ పెట్టింది కాదు.

1915 చివర్లో ఎస్సనే అనే సినిమా కంపెనీలో ఉండగా చాప్లిన్ దీన్ని రెండు రీళ్ళ కామెడీగా కట్ చేశాడు. తర్వాత ఆయన కంపెనీ మారిపోయాడు. ఎస్సనే వాళ్ళు ఆయన పక్కన పారేసిన ముక్కలు మళ్ళీ ఏరి, బెన్ టర్పిన్ అనే మెల్లకన్ను హాస్యనటుడితో కొత్త సన్నివేశాలు తీయించి, దాన్ని నాలుగు రీళ్ళకు సాగదీసి 1916 ఏప్రిల్‌లో వదిలారు. చాప్లిన్ కోర్టుకెళ్ళి ఓడిపోయాడు. ఆ దెబ్బకు రెండు రోజులు మంచం పట్టానని ఆత్మకథలో రాసుకున్నాడు. తన సినిమాను చెడగొట్టకూడదన్న షరతు తర్వాతి ఒప్పందాల్లో చేర్చుకున్నదీ అప్పటినుంచే. 1999లో పాత సినిమాలను బాగుచేసే డేవిడ్ షెపర్డ్ ఆ కోర్టు కాగితాల ఆధారంగా రెండు రీళ్ళ రూపాన్ని మళ్ళీ కూర్చాడు. మీరు వెతకాల్సింది అదే.

నిడివి చూసి ఏ కాపీయో పోల్చుకోవచ్చు గానీ, చిన్న లెక్క ఉంది. 35 ఎం.ఎం. ఫిల్ములో అడుగుకు 16 ఫ్రేములు. నిండు రీలు 1000 అడుగులు, అంటే 16,000 ఫ్రేములు. సెకనుకు 16 ఫ్రేముల చొప్పున ఆడిస్తే రీలుకు 16 నిమిషాల 40 సెకన్లు పడుతుంది. 18 చొప్పున అయితే 15 నిమిషాలకు కాస్త తక్కువ, 24 చొప్పున అయితే 11 నిమిషాలు. ఈ లెక్కన రెండు రీళ్ళ కాపీ 22 నుంచి 33 నిమిషాల మధ్య ఉండాలి, నాలుగు రీళ్ళది 44 నుంచి 66 మధ్య. రీలు నిండా లేకపోతే ఇంకాస్త తగ్గుతుంది. చాలామంది పొరబడేది 44, 45 నిమిషాల కాపీ దగ్గర. గంట కన్నా తక్కువుంది కదా, సగం కోసేసిన మంచి కాపీ అనుకుంటారు. కాదు, అదీ నాలుగు రీళ్ళదే, వేగం పెంచి ఆడించారంతే.

నిడివితో తేలకపోతే టర్పిన్‌ను చూడండి. దొంగరవాణా ముఠా మకాంలో మెల్లకన్ను మనిషి నిమిషాల తరబడి తిరుగుతూ, చాప్లిన్ జాడే లేకపోతే అది అతికించిన ముక్క. టర్పిన్ మంచి నటుడే, తప్పు అతనిది కాదు. కాకపోతే కథ ఎక్కడికక్కడ ఆగిపోయి, చాప్లిన్ మళ్ళీ కనబడేసరికి మనకు జోకు ఎక్కడ మొదలైందో గుర్తుండదు.

ఇక రెండో ప్రశ్న. పేరడీకి మూలం తెలియకపోతే సగం పోయినట్టే. జరుక్ శాస్త్రి పేరడీ చదివి నవ్వాలంటే ముందు శ్రీశ్రీ నోటికి వచ్చి ఉండాలి కదా, ఇదీ అంతే. 'కార్మెన్' స్పెయిన్‌లో జరిగే ప్రేమకథ, ఆపెరాగా (పాటలతో నడిచే నాటకంగా) పేరుపడింది. 1915లో ఒకే సీజన్లో దీన్ని రెండు సినిమాలుగా తీశారు. ఒకటి దర్శకుడు సెసిల్ బి. డెమిల్‌ది, ఇంకోటి నటి థీడా బారాతో రావుల్ వాల్ష్ తీసింది. వాల్ష్ సినిమా ఇప్పుడు దొరకదు, పోయింది. డెమిల్‌ది మిగిలింది, దాదాపు గంట. అందులో కార్మెన్ వేసింది న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఆపెరా గాయని జెరాల్డిన్ ఫరార్. గొంతుకు పేరుపడ్డ మనిషిని తెచ్చి మూకీలో పెట్టడం అప్పటికే సగం పేరడీ అనిపిస్తుంది నాకు.

కాబట్టి ముందు డెమిల్ సినిమా చూడండి. టైం లేకపోతే మూడు చోట్లయినా చూడండి: పొగాకు ఫ్యాక్టరీలో ఆడవాళ్ళ కొట్లాట, కార్మెన్ ప్రేమలో పడ్డ సైనికుడు డాన్ హోసే ఆమె కోసం తన పై అధికారిని చంపడం, ఎద్దుల పోటీ బయట కత్తిపోటు. చాప్లిన్ పట్టుకున్నవి ముఖ్యంగా అవే. పేరులోనే మొదలుపెట్టాడు. డాన్ హోసే కాస్తా 'డార్న్ హోజరీ' అయ్యాడు. మన వీధిలో బనియన్ల కొట్టు బోర్డు మీద ఉండే హోజరీయే అది. డార్న్ అంటే చిరిగిన మేజోడుకు రఫూ చేయడం, చిన్నపాటి తిట్టు కూడా.

అధికారితో కత్తియుద్ధం సినిమాలో పొడుగాటి గ్యాగ్ (నవ్వించే ఘట్టం). పద్ధతిగా కత్తులు కలిపి మొదలుపెడతారు, కాసేపటికి అది కుస్తీలోకి దిగుతుంది. ఇక్కడే వేగం పాడుచేస్తుంది. 24 మీద ఆడితే కాళ్ళూ చేతులూ ఎగరడమే తప్ప ఎవరి కత్తి ఎటుపోయిందో కంటికి ఆనదు. ప్లేయర్లో స్పీడు 0.75 పెట్టండి, 24 కాస్తా 18 అవుతుంది. సంగీతం సాగిపోయి వినలేం కాబట్టి మ్యూట్ చేయండి. అప్లోడ్ చేసినవాళ్ళు ముందే సరిచేసి ఉంటే మాత్రం 0.75లో మనుషులు నీళ్ళలో నడుస్తున్నట్టుంటారు, అప్పుడు మామూలు వేగానికి వచ్చేయండి. పోల్చుకోవడానికి కొట్లాటలు పనికిరావు, కామెడీలను కావాలనే కెమెరా నెమ్మదిగా తిప్పి తీసేవాళ్ళు, అందుకే అవి ఎలాగూ వేగంగానే కనిపిస్తాయి. ఊరికే నిలబడి మాట్లాడుకుంటున్న మనుషులను చూడండి.

ముగింపు తెలియకుండా చూడాలనుకుంటే ఇక్కడితో ఆపేయండి.

చివర్లో కార్మెన్ వేసిన ఎడ్నా పర్వియన్స్‌ను చాప్లిన్ పొడుస్తాడు. ఇందులో వెక్కిరింత లేదు. ఆమెను చేతుల్లోకి తీసుకుంటాడు, మొహం నిజంగానే చావు మొహం. తనూ పొడుచుకుని ఆమె మీద ఒరుగుతాడు. డెమిల్ సినిమాలో కలిపేసినా ఎవరూ పట్టుకోలేరు. అప్పుడు ఎద్దులతో పోరాడే ఎస్కామిలో తలుపు తీసుకుని వస్తాడు. చచ్చిన చాప్లిన్ వెనక్కి ఒక్క తన్ను తంతాడు, మనిషి వచ్చిన తలుపులోంచే వెళ్ళిపోతాడు. ఇద్దరూ లేస్తారు. చాప్లిన్ కత్తి చూపిస్తాడు: మొన నొక్కితే బ్లేడు పిడిలోకి జారిపోయే నాటకాల కత్తి.

తన్నుకు ముందున్న విషాదం ఒక్క క్షణం వెకిలిగా ఉన్నా ఈ ట్రిక్కు పేలదు. మొదటిసారి చూసినప్పుడు చాలామంది తన్ను దగ్గర నవ్వి, కత్తి దగ్గర మళ్ళీ నవ్వుతారు. రెండోసారి చూసినప్పుడు పొడిచే ముందు ఆ కత్తిని ఎలా పట్టుకున్నాడో గమనించండి.

లింకుల సంగతి: రెండు సినిమాలూ అమెరికాలో కాపీరైట్ దాటిపోయినవే. అందుకే ఎవరికి దొరికిన ప్రింటు వాళ్ళు నెట్‌లో ఎక్కించేశారు. చాప్లిన్‌దానికి వివరాల్లో షెపర్డ్ పేరో 1999 అనో ఉండి, నిడివి అరగంట చుట్టుపక్కల ఉంటే చాలు.